యుద్ధము వెనుక నడచు రెండవ సేన

(ఒక పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



పఠనమందిరమునకు సాయంకాలము వచ్చువారు పత్రికయందు మొట్టమొదట వెదకునవి యుద్ధవార్తలు. ఎవరు ఏ పట్టణమును పట్టిరి, ఎన్ని విమానములు కూలినవి, ఎందరు నేలకొరిగిరి అను లెక్కలు చదివి, పత్రికను మడచి, చర్చకు దిగుదురు. ఆ లెక్కలందు కానరాని మృతులను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. గుండు తగిలి మడిసినవానికి పేరుండును, ఊరుండును, ఒక్కొక్కప్పుడు శిలాస్తంభమును ఉండును. ఆ యుద్ధము కారణముగనే వాంతులు భేదులు పట్టి రాత్రికి రాత్రి చచ్చిన పసిబిడ్డకు ఏ సేనాపతి వ్రాసిన నివేదికయందును చోటు లేదు. అయినను ఇట్టి మృతులే అనేక యుద్ధములందు ఎక్కువమంది. సేన ముందు నడచును. దాని వెనుక కంటికి కానరాని రెండవ సేన నడచును. మొదటిది ఇంటికి మరలిన పిమ్మటను రెండవది మరలదు.

ఒక సంగతి మొదటనే చెప్పుకొనవలెను. రోగక్రిమిని యుద్ధము సృష్టింపదు. అది అంతకుముందే ఎక్కడనో ఉన్నది. మనుష్యుడు తరతరములు శ్రమపడి దానికి తలుపులు మూసి గడియలు వేసియున్నాడు. ఇరుకు లేని నివాసము ఒక తలుపు. కడుపునిండ అన్నము ఒక తలుపు. శుభ్రమైన నీరు ఒక తలుపు. నిజము చెప్పు నోరు, ఆ నిజమును నమ్మి టీకాకు చాచు చేయి మరియొక తలుపు. యుద్ధము వచ్చి ఈ తలుపులను బ్రద్దలు కొట్టును. మేము నేడు చెప్పదలచినవి రెండే మాటలు. ఆ ద్వారములగుండ ప్రవేశించు వ్యాధి జయించినవాడెవడో ఓడినవాడెవడో విచారింపదు. మరియు, ఆ ద్వారములను మూయుటకు యుద్ధము ముగియువరకు కాచుకొని యుండనక్కరలేదు. యుద్ధము జరుగుచుండగనే మూయవచ్చును. మొదటి మాటకు లోకచరిత్ర సాక్షి. రెండవ మాటకు మన దేశమే సాక్షి.

మొదటి ద్వారము సమ్మర్దము. 1914వ సంవత్సరపు చలికాలమున సెర్బియా అను చిన్నదేశము తనపైకి వచ్చిన ఆస్ట్రియా సేనలను తరిమికొట్టి లోకమును ఆశ్చర్యపరచెను. కాని చేత చిక్కిన ఖైదీలు వేలకు వేలు. ఆ ఖైదీలును, ఊళ్లు విడిచి వచ్చిన కాందిశీకులును, గాయపడిన సైనికులును ఒకే కప్పు క్రింద, ఒకే గడ్డిపరుపుపై పండుకొనిరి. మార్చుటకు బట్ట లేదు. స్నానమునకు వేడినీరు లేదు. ఒకరి మేనినుండి మరియొకరి మేనికి పేలు ప్రాకినవి, వానితోపాటు టైఫస్ జ్వరము ప్రాకినది. మనమెరిగిన టైఫాయిడు వేరు, ఇది వేరు. ఈ జ్వరమును వ్యాపింపజేయునవి పేలేయని ట్యూనిసు నగరమున షార్ల్ నికోల్ అను ఫ్రెంచి వైద్యుడు 1909లోనే కనుగొనియుండెను. అయినను ఆ యిరుకున పేలను తొలగించుట ఎవరి తరము? కొన్ని మాసములలో సుమారు 1,50,000 మంది నశించిరి. ఆ దేశమున ఉన్న దాదాపు 400 మంది వైద్యులలో నూరుమందికి పైగా ఈ జ్వరమునకే ఆహుతియైరి. యుద్ధమున గెలిచిన దేశపు కథ ఇది.

దీనికి ముందు తరమున 1870-71లో ప్రష్యా ఫ్రాన్సును జయించెను. ప్రష్యా సైనికులకు మశూచికపు టీకాలు వేసి, మరల వేసియుండిరి. అందుచేత సేన చాలవరకు నిలిచినది. ఫ్రెంచి సైనికులలో టీకాలు పడనివారు మెండు. వారు ఖైదీలై జర్మను పట్టణములకు పోవుచు మశూచికమును వెంట తీసికొనిపోయిరి. 1871, 1872 సంవత్సరములందు ఒక్క ప్రష్యాలోనే లక్షకు పైగా ప్రజలు మశూచికమున మరణించిరి. విజయోత్సవపు తోరణములు వాడకముందే ఇంటింట పాడెలు కట్టవలసి వచ్చెను. సైనికునికి వేసిన టీకా ఇంటి బిడ్డకు వేయనందుకు ఆ రాజ్యము చెల్లించిన మూల్యమది. 1874లో జర్మనీ యందరికిని టీకాను నిర్బంధము చేసెను.

మన దేశపు ముచ్చటకు వత్తము. 1918 జూను మాసమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయి రేవున దిగినది. సైనికులను మోసిన ఓడలు దానిని తెచ్చినవి, రైళ్లు దానిని దేశమంతట పంచినవి. మొదటి విడత తేలికగా పోయినది. సెప్టెంబరులో వచ్చిన రెండవ విడత ఘోరమైనది. పసివారిని, వృద్ధులనేగాక నడివయసున నున్న దృఢకాయులను గూడ రెండుమూడు దినములలో కూల్చివేసినది. ఆ యేడు వానలు లేవు. ధాన్యపు ధరలు ఆకాశము నంటినవి. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు కరవుపై జ్వరము వచ్చినది. బొంబాయి రాజధానియు మధ్యపరగణాలును అందరికంటె ఎక్కువ దెబ్బతినినవి. చెన్నరాజధాని కొంత తక్కువగా నష్టపడినను ఏ జిల్లాయు తప్పించుకొనలేదు. దేశమంతటను మడిసినవారు 1 కోటి 20 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షలవరకు ఉందురని పండితుల అంచనా. ఈ లెక్కను మరియొక లెక్క ప్రక్కన పెట్టి చూడుడు. ఆ మహాయుద్ధమున చనిపోయిన భారత సైనికులు సుమారు 74,000. ఆ సైనికులకొరకు ఢిల్లీలో మహాద్వారము లేచినది. ఆ కోటిమందికొరకు ఏ ఊరను ఒక రాయియైన లేవలేదు. 1911కును 1921కిని నడుమ మన దేశ జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినదని జనాభా లెక్కలే చెప్పుచున్నవి.

రెండవ ద్వారము ఆకలి. 1941 డిసెంబరున జపాను విమానములు రంగముపై బాంబులు వేసినవి. మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలనుండి తరతరములుగా రంగమునకు పోయి, రేవున మూటలు మోసి, బియ్యపు మిల్లులందు చెమటోడ్చి పొట్టపోసికొనిన తెలుగువారు అనేకులు. ఓడలందు చోటు దొరకని బీదవారు అరకాను కనుమలగుండ, మణిపురపు కొండలగుండ కాలినడకను బయలుదేరిరి. బర్మానుండి 1942లో ఇట్లు వెడలిన భారతీయులు లక్షలు. వానకాలమున అడవిబాట, తిండి లేదు, త్రాగినది గుంటల నీరు. కలరా, చలిజ్వరము, జిగట విరేచనములు వేలకొలది జనులను బాట ప్రక్కననే పడవేసినవి. బాంబునకు తప్పించుకొని గ్రుక్కెడు మురికినీటికి బలియైన బంధువు కథ చెప్పుకొను కుటుంబములు మన తీరపు జిల్లాలందు ఎన్ని లేవు?

బర్మా పడిపోవుటతో అచ్చటి బియ్యము వంగదేశమునకు రాకుండెను. శత్రువునకు చిక్కకూడదని దొరతనమువారు వంగ తీరమునందలి పడవలను, ధాన్యమును తొలగించిరి. యుద్ధవ్యయముచేత ధరలు పెరిగి కూలివాని చేతికి అన్నము అందరాకపోయెను. 1943 నాటి వంగ క్షామమున మరణించినవారు సుమారు 30 లక్షలు. వీరిలో కేవలము అన్నము లేక ప్రాణము విడిచినవారికంటె కలరా, చలిజ్వరము, మశూచికములచే పోయినవారే అధికులు. 1943 చివర మంచిపంట చేతికి వచ్చెను. అయినను చావులు ఆగలేదు. 1944లోను వ్యాధులు కోతకోయుచునే యుండెను. ఎండిన శరీరమునకు ఒక్క పూట అన్నముతో బలము రాదుగదా! ఒక్క బాంబైన పడని పల్లెలందు గూడ ఈ విధముగా యుద్ధము మనుష్యులను చంపినది.

మూడవ ద్వారము నీరు. నీటి కొళాయి త్రిప్పుట చాల సులభము. కాని ఆ కొళాయి వెనుక ఎంత యేర్పాటున్నదో ఆలోచింపుడు. పంపును నడుపుటకు విద్యుత్తు కావలెను. విద్యుత్తు లేనిచో చమురు కావలెను. నీటిని శుద్ధిచేయ క్లోరిను కావలెను. మురుగును వేరుగా పారించుటకు గొట్టములు కావలెను. ఇవన్నియు చూచుకొను పనివానికి నెలజీతము కావలెను. ఈ గొలుసున ఒక్క లంకె తెగినను కొళాయియందు వచ్చునది నీరు గాక విషము. 2015 నుండి యుద్ధమున చిక్కిన యెమెను దేశమున ఈ లంకెలు ఒక్కొక్కటిగా తెగినవి. ఆస్పత్రులలో సగముదాక పనిచేయుట మానినవి లేక అరకొరగా పనిచేసినవి. ప్రభుత్వోద్యోగులకు మాసముల తరబడి జీతములు లేవు. చెత్తయెత్తువారు పనిమానిరి. 2016 అక్టోబరున కలరా తల యెత్తినది. 2017 డిసెంబరు నాటికి కలరాగా అనుమానించిన రోగుల సంఖ్య 10 లక్షలు దాటెను. మృతులు 2,200కు పైగా. మన కాలమున, విమానములు ఒక్క దినమున లోకము చుట్టివచ్చు యుగమున, చారెడు ఉప్పు చక్కెరల నీటితో తగ్గు వ్యాధికి ఇందరు బలియైరి. బాంబు పడినది పంపుపై. చచ్చినది పది క్రోసుల దూరమున నున్న బిడ్డ.

నాలుగవ ద్వారము అసత్యము. పత్రికను నడుపువారము గనుక దీనిని గూర్చి మాకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. 1918లో పోరాడుచున్న రాజ్యములన్నియు తమ పత్రికల నోళ్లు కట్టివేసినవి. సేనలందు జ్వరము ప్రబలినదన్న శత్రువు సంతసించునని భయము. స్పెయిను మాత్రము తటస్థ రాజ్యము. అచ్చటి పత్రికలు ఉన్నది ఉన్నట్లు వ్రాసినవి. ఫలితమేమి? నిజము చెప్పిన పాపమునకు ఆ జ్వరమునకు స్పెయిను పేరే పెట్టిరి! దాచినవారు దొరలైరి, చెప్పినవారు దోషులైరి. వార్తను దాచినంత మాత్రమున వ్యాధి దాగదు. దాగునది జాగ్రత్త యొక్కటే.

అసత్యమునకు మరియొక రూపము కలదు. 2011లో అమెరికా గూఢచారి శాఖవారు పాకిస్థానమున అబొట్టాబాదు పట్టణమందు ఒసామా బిన్ లాదెను దాగియున్న యింటి గుట్టు తెలిసికొనుటకు, కామెర్ల టీకాలు వేయు నెపమున ఒక వైద్యునిచే బూటకపు కార్యక్రమము నడిపించిరి. గుట్టు బయటపడగనే సరిహద్దు కొండలందు టీకా వేయువారందరును వేగులవారేయను అనుమానము బలిసెను. 2012లో వజీరిస్థానమున సాయుధ నాయకులు పోలియో చుక్కలను నిషేధించిరి. ఇంటింటికి తిరిగి చుక్కలు వేయు బీద స్త్రీలను తుపాకులతో కాల్చి చంపిరి. తుపాకి పేల్చినవాడు హంతకుడే, సందేహము లేదు. కాని వైద్యుని సంచిని వేగువానికి ముసుగుగా ఇచ్చినవారు ఆ సంచిపై తరతరముల నమ్మకమును చెరచిరి. మందు ఆయుధమైన దినముననే అది మందు కాకుండ పోవును.

సోదరులారా! ఇంతవరకు చెప్పినది విన్నవారికి నిరాశ కలుగవచ్చును. నాలుగు ద్వారములును తెరచికొనినచో మనుష్యుడు చేయగలదేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన తూర్పు సరిహద్దున 1971లో దొరికినది. ఆ కథను కొంచెము విపులముగా చెప్పెదము.

1971 మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్థానమున సైనికుల దమనకాండ ఆరంభమైనది. ప్రజలు ప్రాణములు అరచేత పట్టుకొని పశ్చిమ వంగము, త్రిపుర, అస్సాము, మేఘాలయములకు పరుగెత్తిరి. ఆ సంవత్సరాంతమునకు వారి సంఖ్య సుమారు ఒక కోటి. త్రిపురలో స్థానికులెందరో కాందిశీకులును ఇంచుమించుగ అందరైరి. కలకత్తా చెంత సాల్ట్ లేక్ అను బయలున మురుగుకాలువలకై తెచ్చి పడవేసిన సిమెంటు గొట్టములందు జనులు కాపురములు పెట్టిరి. జూనున వానలు దిగినవి. వానతో కలరా దిగినది.

సరిహద్దునగల బన్‌గావ్ పట్టణపు ఆస్పత్రికి జూను మాసాంతమున దిలీప్ మహలనబిస్ అను శిశువైద్యుడు కలకత్తానుండి వచ్చెను. రెండు గదులందు రోగులు నేలపై క్రిక్కిరిసి పడియున్నారు. వారి వాంతులందు, విరేచనములందు మోకాళ్లూని కూర్చుండిగాని రక్తనాళమున సూది గ్రుచ్చి సెలైను ఎక్కించుటకు వీలులేని స్థితి. కలరా రోగిని చంపునది క్రిమి నేరుగా కాదు, ఒంటిలోని నీరు, ఉప్పు బయటకు పోవుట. పోయినదానిని పోయినంత వేగముగా తిరిగి లోనికి పంపినచో రోగి బ్రదుకును. ఆనాటివరకు దానికి శాస్త్రసమ్మతమైన మార్గము సూదియే. సెలైను సీసాలు తరుగుచున్నవి. సూది గ్రుచ్చ నేర్చినవారు ఇద్దరు ముగ్గురు. వాకిట రోగులు వందలు.

అంతకుముందు పది సంవత్సరములుగా ఢాకా, కలకత్తా నగరములందలి పరిశోధకులు ఒక రహస్యమును తేటపరచియుండిరి. కలరాలో పేగు ఉత్త ఉప్పునీటిని పీల్చుకొనజాలదు. కాని గ్లూకోజు తోడైనచో అది ఉప్పును, దానివెంట నీటిని లోనికి తీసికొనిపోవును. ఆ ద్వారమును కలరా మూయలేదు. ఇది ఆస్పత్రి మంచములపై నిపుణుల కనుసన్నలందు పరీక్షింపబడినదేగాని, బురదలో, నిరక్షరాస్యులగు చుట్టముల చేతిమీదుగా చేయదగినదని పెద్దలెవ్వరును నమ్మియుండలేదు. మహలనబిస్‌కు వేరు దారి లేదు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. అంతియే ఆ మందు. కలకత్తాలో ఈ పొడులను తూచి, సంచులలో పోసి, అంచులను ఇస్త్రీపెట్టెతో అతికి, బన్‌గావునకు తెప్పించిరి. పీపాలలో కలిపిరి. తల్లులను, భర్తలను, అన్నదమ్ములను పిలిచి గిన్నె చేతికిచ్చి, రోగి త్రాగగలిగినంత త్రాగించుమనిరి.

ఫలితము చూడుడు. అంతకుముందు అచ్చటి మృతులు నూటికి ముప్పది వరకు ఉండిరి. ఈ నీరు త్రాగించిన శిబిరమున, మూడువేలకు పైగా రోగులలో, చావులు నూటికి నాలుగుకంటె తక్కువకు, 3.6కు దిగినవి. నేడు పల్లెపల్లెన ఓ.ఆర్.ఎస్. పొట్లమని పిలుచుకొను మందునకు లోకమున పేరు తెచ్చిన పరీక్ష అదియే. అప్పటినుండి నేటివరకు అది కాపాడిన పసిబిడ్డలు కోట్లకొలది. ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశమేమి? భారత పాకిస్థానముల నడుమ బాహాటమైన యుద్ధము డిసెంబరు 3న మొదలై 16న ముగిసెను. బన్‌గావున కలరాకు పగ్గము పడినది దానికి మాసములకు ముందు. సంధి కుదరలేదు, కాందిశీకుడు ఇల్లు చేరలేదు, వాన ఆగలేదు. అయినను ఒక ద్వారము మూతపడెను. మూసినవి ఉప్పు, చక్కెర, రోగి చుట్టముపై వైద్యుడుంచిన నమ్మకము.

ఇదే కథకు రెండవ పుట కలదు. దానిని దాచినచో సత్యమునకు ద్రోహము చేసినవారమగుదుము. కలరాను ఎదుర్కొనిన ఆ శిబిరములందే మశూచికపు ద్వారము కావలి లేక తెరచియుండెను. తూర్పు పాకిస్థానమున 1970 ఆగస్టు నాటికే మశూచికము అంతరించియుండెను. ఆ మట్టినుండి వచ్చిన కాందిశీకులకు శిబిరమున అది సోకినది. సాల్ట్ లేక్ శిబిరమందు దానిని ఆటలమ్మగా భ్రమించిరి. 1972 ఆరంభమున స్వతంత్ర బంగ్లాదేశమునకు జనులు ఆనందబాష్పములతో మరలిరి. వారి మూటలతోపాటు మశూచికమును మరలినది. పోయిన పీడ తిరిగి వచ్చి పదుల వేలమందికి సోకినది. దానిని మరల తుడిచివేయుటకు మూడేండ్లకు పైగా పట్టెను. భారతదేశమున కానవచ్చిన కట్టకడపటి రోగి 1975 మే మాసమున అస్సామునందలి కరీంగంజ్ రైలుస్టేషనున కనిపించిన బంగ్లాదేశపు నిరుపేద స్త్రీ. అదే సంవత్సరము అక్టోబరున భోలా ద్వీపమున ఒక పసిపిల్లతో ఘోర మశూచికము లోకమునుండియే సెలవు తీసికొనెను. శిబిరపు వాకిట ఒక సూది, ఒక చూపు ఉండినచో ఆ మూడేండ్ల కష్టము తప్పియుండును. ఒకే శిబిరము, ఒకే సంవత్సరము: కాచిన ద్వారమున ప్రాణములు నిలిచినవి, కాయని ద్వారమున పోయినవి.

కావున యుద్ధకాలమున వైద్యము అసాధ్యమను మాట సోమరి మాట. పోరాడువారే ఒకరోజు తుపాకి దించి టీకాకు దారి విడిచిన ఉదాహరణములు కలవు. 1985లో అంతర్యుద్ధమున మునిగియున్న ఎల్ సాల్వడారు దేశమున ఐక్యరాజ్యసమితి శిశుసంస్థవారి ప్రోద్బలమున, క్రైస్తవ మతాచార్యుల మధ్యవర్తిత్వమున, మూడు దినములు ప్రభుత్వమును తిరుగుబాటుదారులును కాల్పులు ఆపిరి. ఇంచుమించు రెండున్నర లక్షల బిడ్డలకు టీకాలు పడినవి. ఆ యుద్ధము 1992లో ముగియువరకు ఏటేట ఆ శాంతిదినములు జరిగినవి. 1995లో సూడాను దేశమున అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ప్రయత్నమున ఇంచుమించు ఆరునెలలు కాల్పులు నిలిచినవి. నారికురుపు నివారణకు నీరు వడగట్టు బట్టలు పల్లెపల్లెకు పంచిరి. నారికురుపు మన తెలంగాణ, రాయలసీమ దిగుడుబావులందు ఒకనాడు ఎంత పీడించినదో పెద్దలెరుగుదురు. 2024లో గాజాలో మురుగునీటియందు పోలియో విషక్రిమి కనబడెను. ఆగస్టున ఒక పసివాని కాలు పడిపోయెను. అచ్చట పాతికేండ్లుగా లేని వ్యాధి అది. సెప్టెంబరున ప్రాంతమొకటి తరువాత ప్రాంతమొకటిగా, దినమునకు కొన్నిగంటలు కాల్పులు ఆపి, మొదటి విడతయందే 5 లక్షల 50 వేలకు పైగా పిల్లలకు చుక్కలు వేసిరి. చుక్కలు వేయుటకు కాల్పులు ఆపగలిగినవారు నీటికి, అన్నమునకు ఏల ఆపజాలరని మనము ప్రశ్నింపవలదా?

ఇది పరుల కథ, మనకేమని ఎవరైన అనుకొనవచ్చును. సిరియాలో 1999 తరువాత పోలియో లేదు. యుద్ధమున టీకాలు ఆగినవి. 2013లో డేర్ ఎజ్జోర్ ప్రాంతమున బిడ్డలు పడిపోయిరి. మృగ్యమైనదనుకొన్న వ్యాధి ఒక్కచోట తలయెత్తుటచే చుట్టునున్న ఏడు దేశములందు రెండు కోట్లకు పైగా పిల్లలకు మరల చుక్కలు వేయవలసి వచ్చెను. మన దేశమున పోలియో సోకిన కడపటి బిడ్డ 2011 జనవరి నాటిది. 2014 మార్చి 27న మన ప్రాంతమునకు పోలియో రహితమని యోగ్యతాపత్రము వచ్చినది. కాని 2024లోను పాకిస్థానమున, ఆఫ్గనిస్థానమున ఆ వ్యాధి బిడ్డలను అవిటివారిని చేసినది. పొరుగింటి కప్పు కాలుచుండగా మన గోడ దృఢమైనదని నిద్రపోవువాడు వివేకి కాడు.

పట్టణవాసులమగు మనము చేయదగినదేమి? సేనలు మన చేతిలో లేవు, సంధులు మన చేతిలో లేవు. కాని ప్రజాభిప్రాయము మన చేతిలోనిదే. అది ఇట్టి మందిరములందే పుట్టును. మొదటిది: యుద్ధవార్త చదివినప్పుడు ఎన్ని మైళ్లు ముందుకు పోయిరని అడుగుటతో తృప్తిపడక, ఆ పట్టణమున నీరు వచ్చుచున్నదా, టీకాలు సాగుచున్నవా అని అడుగుడు. శత్రువు నీటి యంత్రము కూలినదన్న వార్తకు చప్పట్లు కొట్టకుడు. త్రాగునీటి యేర్పాటులను ధ్వంసము చేయరాదని 1977 నాటి జెనీవా అనుబంధ ఒప్పందము స్పష్టముగ శాసించుచున్నది. ధర్మయుద్ధమున చెరువున విషము కలుపుట లేదు. మన పెద్దలు చెప్పినదియు అదియే.

రెండవది: కాందిశీకుడు మన వాకిట నిలిచినపుడు వాడే వ్యాధియని తరిమివేయకుడు. వాడు వ్యాధిని తెచ్చినవాడు కాడు. ఇరుకు, మురికి, ఆకలి వానికి వ్యాధిని అంటగట్టినవి. 1971లో మశూచికము కాందిశీకునితో రాలేదు, మన శిబిరముననే వానికి అంటినదని మరువకుడు. వానికి మొదట ఈయవలసినవి శుభ్రమైన నీరు, టీకా, తలదాచుకొన చోటు. అది దయ మాత్రమే కాదు, ఆత్మరక్షణము.

మూడవది: వ్యాధి లెక్కలను దాచు ప్రభుత్వమును, అది ఎవరిదైనను, మనదైనను, సహింపకుడు. దేశభక్తి పేర చావులను దాచుట దేశమునకు చేయు సేవ కాదు. 1918లో మన ప్రజలకు మాట చెల్లుబడి లేదు. ప్రశ్నించిన నోటికి తాళము. నేడు ఓటు కలదు, నోరు కలదు. ఉన్నదానిని వాడుకొనకపోవుట మన తప్పగును.

నాలుగవది: దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. శాంతికాలమున పురపాలక సంఘపు నీటి తొట్టిని, మురుగుకాలువను, టీకాల పట్టికను నిర్లక్ష్యము చేసిన పట్టణము యుద్ధము రాకముందే సగము ఓడిపోయినది. సరిహద్దున నిలిచిన సైనికుని గౌరవించుడు. తెల్లవారుజామున నీటిలో క్లోరిను కలుపు పనివానిని, మంచుపెట్టె భుజమునకు తగిలించుకొని పల్లెలకు నడచు టీకా దాదిని గూడ అంతే గౌరవించుడు. రెండవ సేనను ఎదుర్కొను సైన్యము వారే. వారి జీతము నెలనెల అందుచున్నదో లేదో ఈ ఊరి పురపాలక సంఘమును రేపే అడుగుదము.